కళ్లెం తీసే ముందు

2006లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, కొలంబస్‌లో జరిగిన క్వార్టర్ హార్స్ కాంగ్రెస్ అనే గుర్రాల పోటీల్లో గుర్రాల శిక్షకురాలు స్టేసీ వెస్ట్‌ఫాల్ జీనూ కళ్లెమూ లేకుండా బరిలోకి దిగింది. ఎక్కినది నల్లటి ఆడగుర్రం. పోటీల్లో దాని పేరు విజార్డ్స్ బేబీ డాల్, ఇంట్లో రాక్సీ. కొద్దిరోజుల కిందటే పోయిన తండ్రికి ఆ స్వారీని అంకితం చేసింది. దౌడు మధ్యలో వెనక కాళ్ల మీద జారుతూ ఆగడం, ఉన్నచోటే బొంగరంలా తిరగడం, పరుగు ఆపకుండా ముందు వేసే కాలు మార్చడం, ఇలా రైనింగ్ అనే స్వారీ పోటీకి కావలసినవన్నీ ఆ గుర్రం చేసి చూపించింది. బహుమతి వాళ్లిద్దరిదే.

ఆ స్వారీ వీడియో చూసినవాళ్లంతా ప్రేమ అంటారు, నమ్మకం అంటారు. ప్రేమ లేదని నేననను. కానీ ఆ ఒక్క మాటతో సరిపెట్టేస్తే ఆమె ఏళ్ల తరబడి చేసిన పనంతా మరుగున పడిపోతుంది. నాకు ఆ పని మీద గౌరవం.

ఈగ వాలితే గుర్రం ఒంట్లో సరిగ్గా అక్కడే చర్మం అదురుతుంది. అలాంటి వీపు మీద కూర్చున్న మనిషి తల తిప్పినా, ఊపిరి వదిలినా, బరువు ఒక పక్కకి ఒరిగినా దానికి తెలిసిపోతుంది. తెలిశాక ఏం చెయ్యాలో మాత్రం మనమే నేర్పాలి. డొక్కలో కాలితో మెల్లగా నొక్కుతాం. గుర్రం పక్కకి అడుగు వెయ్యబోయిందనగానే కాలు తీసెయ్యాలి. కాస్త ఆలస్యమైనా, తను కదిలినందుకే ఒత్తిడి పోయిందన్న సంగతి దానికి అందదు. ఈ విద్యలో సగం, ఎప్పుడు వదలాలో తెలియడమే.

కళ్లెంతో పని చెయ్యాల్సిన కాలం చాలా ఉంటుంది. పగ్గాలు వదులుగా ఉంచి, ముందు కూర్చునే తీరుతో అడగాలి. వినకపోతే మెడ మొదట్లో వదులుగా వేసిన తాడుతో. అప్పటికీ వినకపోతేనే పగ్గంతో. ఈ వరస ఎన్నడూ తప్పకూడదు. తప్పకపోతే, కొన్నాళ్లకు గుర్రం మనల్ని పగ్గం దాకా రానివ్వదు.

అన్నిటికన్నా ముందు నేర్పాల్సింది ఆగడం. నడుము కదలిక మాని, లోతుగా కూర్చుని, ఊపిరి వదిలి, వో అంటాం. ఆగకపోతే తాడు పైకెత్తుతాం, ఆగగానే వదిలేస్తాం. ఆగాక కాసేపు అక్కడే నిలబడనిస్తాం. ఆగినచోట విశ్రాంతి దొరుకుతుందని తెలిసిన గుర్రం, ఆగమనే మాట కోసం చెవి ఒగ్గి ఉంటుంది. అది కుదిరాకే, గుండ్రటి కంచెలో, నడక మీద, మొదటిసారి కళ్లెం తియ్యాలి. దౌడు సంగతి చాలా తర్వాత.

కళ్లెం లేని స్వారీ నిన్నమొన్నటి విద్య కాదు. రోమ్ మీద దండెత్తిన కార్తేజ్ సేనాని హానిబాల్ సైన్యంలోని ఉత్తర ఆఫ్రికా నుమీడియా రౌతులు కళ్లెం లేని గుర్రాల మీద యుద్ధం చేసేవారని రోమన్లు రాసిపెట్టారు. ఆ ప్రాంతపు గుర్రాలను చిన్న కర్రతోనే నడుపుతారనీ, కొన్ని పట్టుకుని నడిపించకుండానే కుక్కల్లా వెంట వస్తాయనీ గ్రీకు భూగోళకారుడు స్ట్రాబో రాశాడు. రోమ్‌లో క్రీ.శ. 113లో ప్రతిష్ఠించిన ట్రాజన్ స్తంభం మీద అదే ఉత్తర ఆఫ్రికాకు చెందిన మూర్ రౌతులు ఇప్పటికీ అలాగే స్వారీ చేస్తున్నారు. యుద్ధంలో రెండు చేతులూ ఆయుధాలకే కావాలి కదా, గుర్రాన్ని ఒంటితో నడపడం వాళ్లకు ప్రాణావసరం.

రౌతు కొద్దీ గుర్రం అన్న మన సామెతకు కళ్లెం లేని స్వారీకన్నా కఠినమైన పరీక్ష నేను చూడలేదు. గుర్రం నోట్లో ఇనుము ఉన్నంతసేపు మన నడుము చేసే పొరపాట్లను చెయ్యి సర్దేస్తుంది. అది తీశాక, ఎడమకి వెళ్లాలనుకుంటూ కుడికి చూస్తే గుర్రం కుడికే పోతుంది. దాని తప్పేమీ లేదు, మనం అడిగిందే చేసింది.

కళ్లెం లేకుండా చక్కగా నడిచిన మర్నాడు నేను మళ్లీ కళ్లెం వేస్తాను. అది వెనకడుగు అనుకునేవాళ్లున్నారు, నేను ఒప్పుకోను. కళ్లెం లేనప్పుడు ఆగడం అరక్షణం ఆలస్యమైతే సరిదిద్దడానికి చేతిలో పెద్దగా ఏమీ ఉండదు. రేపు అది రెండు క్షణాలవుతుంది, ఆ పైన గుర్రం కంచె చేరాక గానీ ఆగదు. అందుకే పగ్గాలు పట్టుకుని ఆగడం ఒక్కటే మళ్లీ సాధన చేయిస్తాను. ఆ ఆలస్యం పోయాకే మళ్లీ కళ్లెం తీస్తాను.