దూరితే చాలదు, కుదరాలి

రెండు ఇనుప ముక్కలు ఒకదాంట్లో ఒకటి దూరడం వేరు, కుదరడం వేరు. ఈ తేడా నాకు నంద్యాలలో కాలేజీ రోజుల్లో, ఎన్‌సీసీ పరేడ్ అయ్యాక తెలిసింది. రైఫిళ్లు విప్పి, పట్టా మీద బోల్టులు వరసగా పేర్చి, పుల్‌త్రూకి చిందీ గుడ్డ కట్టి బారెల్‌లోంచి లాగేవాళ్లం. చూపుకి బోల్టులన్నీ ఒక్కటే. పక్కవాడి బోల్టు మన రైఫిల్లో పెట్టినా సాఫీగా జారేది, పిడి చక్కగా కిందికి దిగేది. ఉస్తాద్ మాత్రం ఒప్పుకునేవారు కాదు. బోల్టు పిడి మొదట్లో కొట్టిన నంబరూ, బాడీ మీది నంబరూ కలిస్తేనే ఆ రైఫిల్ తిరిగి కోత్‌లోకి, అంటే ఆయుధాల గదిలోకి, వెళ్లేది.

అది చాదస్తం కాదని ఆయనే విప్పి చూపించారు. లీ-ఎన్‌ఫీల్డ్ .303 రైఫిల్లో తూటా అంచుకు చోటు చాలకపోతే బోల్టు మూసుకోదు. చోటు ఎక్కువైతే పేలినప్పుడు ఇత్తడి కేస్ సాగి తెగిపోవచ్చు. ఆ చోటు అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన 64కి తగ్గకూడదు, 74కి మించకూడదు. నంబర్ 4 రకం రైఫిల్‌కి బోల్టు తలలు సున్నా నుంచి మూడు దాకా నాలుగు సైజుల్లో చేసింది ఇందుకే. ఆర్మరర్ గేజి పెట్టి చూసి, ఏ తల సరిపోతే అది బిగిస్తాడు. కంటికి అందని తేడా గేజికి అందుతుంది.

ఇలా కొలతకు కుదర్చడం తుపాకులకు మొదటినుంచీ లేదు. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి ఈ నేల మీద తిరగబడేనాటికి కంపెనీ తుపాకైనా, నాటు తుపాకైనా ఆకురాయి పట్టి అమర్చిందే. ఒకదాని మర ఇంకోదానికి నేరుగా పట్టేది కాదు. అంతకు చాలా ముందే, 1785లో, ఫ్రాన్సులో ఒనొరే బ్లాంక్ అనే తుపాకుల పనివాడు తుపాకి మరల విడిభాగాలు కలగలిపి ఉంచితే, అమెరికా రాయబారి థామస్ జెఫర్సన్ చేతికందినవి తీసుకుని తానే కూర్చి చూశాడు. అన్నీ కుదిరాయి. ఆ కుదురు వెనక ఉన్నది ఒకే కొలతకు కట్టుబడ్డ పనితనం. ఇంగ్లండులోని ఎన్‌ఫీల్డ్ కార్ఖానాకి అమెరికా యంత్రాలు వచ్చి, ఆ పద్ధతి స్థిరపడింది 1850లలోనే.

ఆళ్లగడ్డ వైపు బోరు మెకానిక్కుల పనిలోనూ నేను ఇదే చూస్తాను. మోటారు ఒక కంపెనీది, పంపు ఇంకో కంపెనీది. కప్లింగ్ కూర్చుంది కదా అని దించేస్తే, మోటారు మోయగలిగిన దానికన్నా పంపు బరువైనప్పుడు వైండింగ్ కాలిపోతుంది. పని తెలిసినవాడు దించే ముందు హెచ్‌పీ చూస్తాడు, షాఫ్ట్ చేత్తో తిప్పుతాడు, పైకీ కిందికీ ఎంత ఆడుతోందో వేలితో పట్టుకుంటాడు.

పాత సామాను కలిపి వాడుకోవడం పేదవాడి తెలివి. దాన్ని నేను గౌరవిస్తాను. ఆ తెలివికి కొలత తోడు కావాలి. మోటారు పోతే పైరు ఎండుతుంది, తుపాకిలో తప్పితే మనిషి కన్ను పోతుంది. పంట కాపలాకి లైసెన్సు తుపాకి ఉన్న రైతన్నలు ఎవరో ఇచ్చిన బోల్టు పెట్టి చూడొద్దు. 1959 ఆయుధాల చట్టం మరమ్మతుకు కూడా లైసెన్సు అడిగేది ఊరికే కాదు. గేజి ఉన్నవాడి దగ్గరికే వెళ్లండి, మీ కళ్లముందే కొలిపించుకోండి.