"ట్రిబ్యూట్" అనే మాట

మహనీయులను గౌరవించే సందర్భాలలో ఇంగ్లీషువారు తరచుగా వాడే "ట్రిబ్యూట్" అనే మాటను మన అనువాదకులు "నివాళి" అని మార్చి తృప్తి పడుతున్నారు. ఈ మార్పులో అసలు మాట బరువు సగం జారిపోతున్నది. లాటిన్‌లో "ట్రిబుస్" అంటే తెగ. "ట్రిబ్యూటుమ్" అంటే తెగల వారీగా విధించిన పన్ను. ఓడినవాడు గెలిచినవానికి చెల్లించే కప్పమన్నదే దాని పాత అర్థం. ఇష్టపూర్వకంగా సమర్పించే ప్రశంస అనే అర్థం 16వ శతాబ్ది చివరికి గాని ఇంగ్లీషులో కానరాదు.

ఈ రెండర్థాలనూ అనుభవించిన నగరం సూరత్. అడాజన్ ఒడ్డున నిలిచి తపతీ నదికి ఆవల చూస్తే కనిపించేది ఆ పాత నగరమే. 1664లోను, 1670లోను శివాజీ సేనలు దోచిన రేవు అది. పిమ్మట మరాఠాలు కోరిన చౌత్, అనగా రాబడిలో నాలుగో వంతు, ఇంగ్లీషు చరిత్రలలో "ట్రిబ్యూట్" అయినది.

ఆ ఊరిలోనే 1833లో నర్మద్ కవి జన్మించాడు. 1858లో ఉపాధ్యాయ వృత్తి విడిచి, ఇక కలమే దిక్కని ప్రతిజ్ఞ పట్టాడు. ఏళ్ల తరబడి శ్రమించి కూర్చిన గుజరాతీ నిఘంటువు "నర్మకోశ్" 1873లో సంపూర్ణంగా వెలువడింది. నిఘంటువు అన్నం పెట్టదు గదా! 1882లో ప్రతిజ్ఞ విడిచి బొంబాయిలో కొలువుకు కుదరవలసి వచ్చింది; 1886లో కన్నుమూశాడు. 2004లో సూరత్ విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టారు; ఆయన జన్మదినమైన ఆగస్టు 24ను గుజరాతీ భాషాదినంగా జరుపుకుంటున్నారు. వీటిని "ట్రిబ్యూట్" అనడంలో, మూలార్థం తెలిసినవారికి, ఒక చేదు తగులుతుంది. బ్రతికుండగా సొమ్ముగా ముట్టవలసినది పోయిన తరువాత స్తోత్రంగా ముట్టింది.

మన "నివాళి"లో ఈ చేదు లేదు. నివాళి అంటే హారతి. దేవునికి, పెండ్లిపీటల మీది వధూవరులకు ఎత్తేది. దివ్వె తిప్పినంత మాత్రాన ఇచ్చేవాని చేతి నుండి తరిగేది స్వల్పం. పైగా పత్రికలు ఇటీవల దానిని మృతులకే కేటాయించాయి. బ్రతికున్న కవికి నివాళి అంటే ఉలిక్కిపడతాడు. కప్పం అన్నామా, గౌరవం మాయమవుతుంది. నా మట్టుకు "కానుక" మేలు. "కాను", అనగా చూచు, అన్న ధాతువు నుండి పుట్టిన మాట. పెద్దలను చూడబోయేవాడు చేత పట్టుకుపోయే వస్తువు. జమీందారు ముందు రైతు పెట్టిన కానుకలో భక్తి ఎంతో, భయమెంతో ఎవరు తూచగలరు? "ట్రిబ్యూట్"లోని ఆ సందిగ్ధత దీనిలోనూ ఉన్నది.

అయితే మనుషుల విషయంలో కానుకకు ఎదుట మనిషి ఉండాలి. అందుచేత 1886 తరువాతి నర్మద్ ఉత్సవాలను గూర్చి వ్రాసేటప్పుడు నేనూ నివాళి అనే వ్రాస్తాను.