చట్రం లేని పుట: 'భీమాయన'లో వ్యామ్ దంపతుల కథనరీతి

2022వ సంవత్సరపు పద్మశ్రీ గ్రహీతలలో గాథాగాన సంప్రదాయాలకు చెందిన ఈ ఇద్దరూ ఉన్నారు. ఒకరు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాకు చెందిన డోలి కోయ కళాకారుడు, దివంగత సకిని రామచంద్రయ్య. మరొకరు మధ్యప్రదేశ్‌కు చెందిన పర్ధాన్ గోండు చిత్రకారిణి దుర్గాబాయి వ్యామ్. కోయల గట్టు కథలను డోలీలు పాడినట్లే, గోండుల వంశగాథలను పర్ధానులు బానా వాయిస్తూ పాడేవారు. దుర్గాబాయి, ఆమె భర్త సుభాష్ వ్యామ్ చిత్రించిన అంబేడ్కర్ జీవితగాథ 'భీమాయన' (నవయాన, 2011)ను ఈ సామ్యం వెలుగులో చదివితే, అందులోని గిరిజన శైలి అలంకారం కాదనీ, అదొక కథనపద్ధతి అనీ స్పష్టమవుతుంది.

దుర్గాబాయి బాల్యంలోనే గోడలపైన, నేలపైన తీర్చే దిగ్నాను అభ్యసించారు. ఆ గోడ బొమ్మను కాగితానికి, కాన్వాసుకు మళ్లించినవాడు జన్‌గఢ్ సింగ్ శ్యామ్. భోపాల్‌లోని భారత్ భవన్‌లో జె. స్వామినాథన్ ఆయన్ను ప్రోత్సహించారు. వ్యామ్ దంపతులది ఆ బాటే. 'ద నైట్ లైఫ్ ఆఫ్ ట్రీస్' (2006)లో భజ్జు శ్యామ్, రాంసింగ్ ఉర్వేతిలతో పాటు దుర్గాబాయి బొమ్మలున్నాయి. మరుసటి ఏడు కంచ ఐలయ్య 'టర్నింగ్ ద పాట్, టిల్లింగ్ ద లాండ్'కు ఆమె చిత్రాలు సమకూర్చారు. అక్కడ బొమ్మ వ్యాసాన్ని అనుసరించింది. నాలుగేళ్ల తరువాత 'భీమాయన'లో ఈ సంబంధం తలకిందులైంది.

ఈ గ్రంథంలో చతురస్రపు గడులు లేవు. దిగ్నా వంపులే పుటను విభజిస్తాయి, కలుపుతాయి కూడా. 1927 నాటి మహాడ్ చవదార్ చెరువు ఘట్టంలో సభలోని లౌడ్‌స్పీకర్లు నీటిని చిమ్మే జల్లెడలవుతాయి. నిరాకృతమైన నీరు ఉపన్యాసంగా జనంపై కురుస్తుంది. శ్రీవిద్యా నటరాజన్, ఎస్. ఆనంద్‌ల పాఠం ఈ మాట చెప్పదు, బొమ్మ చెబుతుంది.

అంతకన్నా కీలకం సంభాషణల బుడగలు. మృదువైన పలుకులు పక్షి ఆకారంలో ఉంటాయి. కులాహంకారపు మాటలకు తేలు కొండి తోక. మనసులోని ఆలోచనకు ఒక కన్ను. పడిగెతో పోల్చినపుడే దీని అవసరం బోధపడుతుంది. వేల్పుల కొలుపులో పడిగెపై ఉన్న బొమ్మలు మౌనంగా ఉంటాయి. పక్కన నిలిచిన డోలి గాయకుని గొంతే వాటికి కోపాన్ని, కరుణను ఇస్తుంది. అచ్చు పుటకు గాయకుడు లేడు. పాడే వంశానికి చెందిన చిత్రకారులు ఆ లోటును గుర్తించి, గొంతులోని తీరును గీతలోకి తెచ్చారని నా అభిప్రాయం. కనుక ఈ బుడగలను కామిక్ సంప్రదాయపు అనుకరణగా భావించడం సరికాదు.

అయితే పుస్తకమంతటా ఈ బలం నిలవలేదు. బస్‌స్టాపులో ఉద్యోగాల కోటాను ఆక్షేపించే యువకునికి ఒక స్త్రీ అంబేడ్కర్ కథ చెప్పే చట్రకథ వివరణలతో బరువెక్కింది. అక్కడ ఇమిడ్చిన పత్రికావార్తలు వాదానికి అవసరమే, కానీ ఆ పుటలలో చిత్రకారులు మళ్లీ పాఠం వెంట నడిచేవారయ్యారు. కథ ఒకరిదనీ, చిత్రాలు మరొకరివనీ శీర్షిక పుట చేసిన విభజన ఈ పుటలకే సరిగ్గా సరిపోతుంది. చవదార్ పుటలకు మాత్రం అది చెల్లదు.