చూసే కన్ను ఎవరిది?

మన గురించి రాసే వార్తల్లో, కథల్లో ఒక మాట పదే పదే కనబడుతుంది: ‘అమాయక గిరిజనులు’. మనల్ని మనం ఎప్పుడూ అలా పిలుచుకోం. అది బయట నిలబడి చూసేవాళ్ల మాట. కథ చెప్పేవారు ఎక్కడ నిలబడి చూస్తున్నారో దాన్నిబట్టే పాత్ర మీద మనకు జాలో, భయమో, గౌరవమో కలుగుతుంది. దీన్నే దృష్టికోణం అంటాం.

మహాశ్వేతాదేవి బెంగాలీ కథ ‘ద్రౌపది’ చూడండి. ఇది 1978లో వచ్చిన ‘అగ్నిగర్భ’ సంపుటిలో ఉంది. కథానాయిక దోప్ది సంతాల్ స్త్రీ. కరువులో తన బావుల నీళ్లు పేదలకు దక్కనివ్వని భూస్వామి హత్య తర్వాత ఆమె అడవి పట్టింది.

మొదట్లో మనకు కనిపించేది దోప్ది కాదు, ఆమె మీద ఉన్న ఫైలు. వయసు 27, భర్త మరణించాడు, ఆచూకీ చెబితే 100 రూపాయలు. యూనిఫాంలో ఉన్నవాళ్లు ఆమె పేరు మీదే వాదించుకుంటారు. ఆ కంటితో చూసినంతసేపూ ఆమె మనకు ఒక నేరస్థురాలు, అంతే.

ఆమె భర్త దుల్నా చనిపోతూ ఒక కేక వేస్తాడు. దాని అర్థం తేల్చడానికి కలకత్తా నుంచి ఆదివాసీ నిపుణులను రప్పించినా లాభం ఉండదు. చివరికి క్యాంపులో నీళ్లు మోసేవాడు నవ్వి, అది యుద్ధానికి దిగేటప్పటి కేక అని చెబుతాడు. ఫైలుకు అందనిది అతనికి తెలుసు.

నడుముకు బియ్యం మూటకట్టి దోప్ది నడిచే చోట కథ ఆమె మనసులోకి వెళుతుంది. వెనక నుంచి ఎవరో పేరుపెట్టి పిలుస్తారు. ఆమె పలకదు. ఎందుకు పలకదో మనకూ తెలుసు కాబట్టి మనమూ ఊపిరి బిగబట్టి ఆమెతో నడుస్తాం. పట్టుబడి, ఘోరమైన హింస అనుభవించాక ఆమె బట్ట కట్టుకోనని అధికారి ఎదుట నిలబడుతుంది. అక్కడ రచయిత్రి మళ్లీ అధికారి కంటికే వస్తుంది. ఈసారి ఆ కంట్లో ఉన్నది భయం.

ఈ కథను దోప్ది ‘నేను’ అంటూ తానే చెప్పదు. రాసినామె ఆదివాసీ కాదు. అయినా ఏ కన్ను ఎక్కడ గుడ్డిదైపోతుందో ఆమెకు తెలుసు.

మనవాళ్లం రాస్తే చాలదని నా అనుభవమే చెప్పింది. నా మొదటి కథలో సంతలో చింతపండు అమ్మిన అవ్వను ‘అమాయకురాలు, దొంగకాటాకు మోసపోయింది’ అని రాశాను. చదివి వినిపిస్తే మా అవ్వ కసిరింది. “కాటా దొంగదని నాకు తెలీదంట్రా? ఇంటికాడ కొలుచుకునే పోయాను. ఉప్పు లేకుండా తిరిగొస్తే మీరేం తిందురు?” అంది. నేను పుట్టింది ఆ ఇంట్లోనే. కానీ చదువుకున్న కంటితో రోడ్డు మీద నిలబడి రాశాను. ఆమె లెక్క నాకు కనబడలేదు.

టీచర్లు ఈ పని చేయించవచ్చు. పాఠంలో ఎవరినైనా ‘అమాయకుడు’ అన్నచోట ఆగి, అదే సంఘటనను ఆ మనిషి వైపు నుంచి పిల్లల చేత చెప్పించండి. అతనికి ఏం తెలుసు, తెలిసీ ఎందుకు ఊరుకున్నాడు? పిల్లలు ఇళ్లలో అడిగి వస్తారు.

నా కథలో ఆ ఒక్క వాక్యం మార్చాను: ‘కాటా దొంగదని అవ్వకు తెలుసు.’ ఆ తర్వాత మిగతా కథంతా మళ్లీ రాయాల్సి వచ్చింది.