డెబ్బై దాటినా ఆగని మంచు నడక

1973 డిసెంబరులో, చమురు సంక్షోభం కారణంగా, నార్వేలో వారాంతాల్లో సొంత కార్లు బయటికి తీయకూడదన్నారు. అలాంటి ఒక రోజున ఆ దేశపు రాజు ఐదవ ఊలావ్ స్కీలు పట్టుకుని, ఓస్లో నుంచి హోల్మెన్‌కొల్లెన్ కొండ మీదికి వెళ్లే రైలెక్కి, అందరిలాగే టిక్కెట్టుకు డబ్బు తీశారు. అప్పుడు తీసిన ఫొటో నార్వే అంతా ఎరుగును. రాజు మామూలు మనిషిలా ప్రయాణించాడన్నది అక్కడివాళ్లు గర్వంగా చెప్పుకునే మాట. నాకు ఆ ఫొటోలో కనిపించేది మరొకటి. అప్పటికి ఆయనకు డెబ్బై ఏళ్లు. యువరాజుగా ఉన్న రోజుల్లో, 1922లో, అదే కొండ మీద స్కీ జంపింగ్ పోటీలో గాల్లోకి దూకిన మనిషి ఆయన. దూకడం ఎప్పుడో వదిలేశారు. స్కీలు మాత్రం వదల్లేదు. అడవిలోకి మంచు మీద నడకకు బయలుదేరారు.

స్కీయింగ్ అనగానే మనకు గుర్తొచ్చేది సినిమా పాటల్లో చూసిన నిట్టనిలువు వాలు. తాడు కుర్చీలో పైకి వెళ్లడం, మడమలతో సహా బూట్లు స్కీలకు బిగించుకుని వేగంగా కిందికి జారడం. అది ఆల్పైన్ పద్ధతి. నార్వే, స్వీడన్ పల్లెల్లో అంతకంటే ఎంతో పాతది ఇంకొకటుంది. సన్నటి, తేలికైన స్కీలు. బూటు ముందు కొస మాత్రమే స్కీకి తగులుకుని ఉంటుంది, మడమ లేస్తుంది. చదును మీదా, ఎత్తు మీదా, పల్లంలోనూ ఒంటి బలంతోనే పోవాలి. మంచు కప్పిన ఊళ్ల మధ్య రాకపోకలకు పుట్టిన నడక ఇది. క్రాస్‌కంట్రీ అంటున్నది దీన్నే. ముసలివాళ్లు ఇందులో కొనసాగడానికి వాళ్ల మొండితనం ఒక్కటే కారణం కాదు. ఈ నడక పనిచేసే తీరులోనే అందుకు వీలుంది.

స్కీని నేల మీద పెట్టి చూస్తే మధ్యభాగం కొద్దిగా పైకి లేచి, విల్లులా వంగి ఉంటుంది. రెండు కాళ్ల మీదా సమంగా నిలబడితే ఆ మధ్యభాగం మంచును గట్టిగా తాకదు, ముందూ వెనకా ఉన్న భాగాల మీద స్కీ జారుతుంది. ఒంటి బరువంతా ఒకే కాలి మీద వేసి నొక్కితే మధ్యభాగం మంచుకు అతుక్కుంటుంది. అక్కడ పూసిన పట్టు మైనం మంచును పట్టుకుంటుంది. ఆ పట్టు మీద వెనక్కి తన్ని, బరువును రెండో కాలి మీదికి పూర్తిగా మార్చి, దాని మీద జారాలి. రెండు చేతుల్లోనూ కర్రలుంటాయి; కుడి కాలితో ఎడమ చేయి, ఎడమ కాలితో కుడి చేయి కదులుతాయి. తడి పొలంగట్టు మీద నడిచేవాళ్లు ఒక పాదం కుదురుకున్నాకే రెండోది ఎత్తినట్టు, ఇక్కడ కూడా బరువు ఎటో ఒకవైపు పూర్తిగా వాలాలి.

వయసు మీద పడినప్పుడు మొదట దెబ్బతినేది ఇదే. పడతానేమోనన్న భయంతో మనిషి బరువును రెండు కాళ్ల మధ్యలోనే ఉంచేస్తాడు. స్కీ పూర్తిగా నొక్కుకోక వెనక్కి జారుతుంది. ఆ లోటును చేతులతో పూడ్చబోతాడు, పది నిమిషాల్లో భుజాలు పట్టేస్తాయి. ఇక నా వల్ల కాదని ఇంటికెళ్తాడు. నిజానికి తగ్గింది బలం కంటే నమ్మకం. మందు కూడా సులువైనదే: చదును మంచు మీద, చేతికర్రలు పక్కన పెట్టి, ఒక కాలి మీద జారుతూ కొద్దిసేపు నిలవడం. రెండో కాలితోనూ అంతే. రోజూ చేస్తే నిలకడ తిరిగొస్తుంది. కాస్త మెత్తగా వంగే స్కీలు ఎంచుకుంటే తక్కువ బలానికే మధ్యభాగం మంచును తాకుతుంది. యాభైలో వాడిన గట్టి స్కీలనే డెబ్బైలోనూ వాడటం అభిమానమే తప్ప తెలివి కాదు.

ఇక మైనం సంగతి. గడ్డకట్టే చలికి ఆకుపచ్చ, కొంచెం తగ్గితే నీలం, సున్నా డిగ్రీల దగ్గర ఊదా, ఎరుపు. కరిగి మళ్లీ గడ్డకట్టిన మంచుకు బంకలాంటి క్లిస్టర్. పొద్దున్నే గుమ్మంలో నిలబడి మంచును వేళ్లతో నలిపి రంగు తేల్చడం ఒక విద్య, ఇంటి పెద్దలకు దక్కే గౌరవం కూడా. ఆ ఓపిక తగ్గినవాళ్లకు ఇప్పుడు అడుగున మోహేర్ బొచ్చు పట్టీలు అతికించిన స్కీలు వచ్చాయి. బొచ్చు ముందుకు జారుతుంది, వెనక్కి పట్టుకుంటుంది, మైనం అక్కర్లేదు. కొందరు పాతకాపులు వీటిని చిన్నచూపు చూస్తారు. ముసలి తల్లిదండ్రులు మళ్లీ మంచు మీదికి రావడానికి ఇవి చేసిన మేలు ముందు ఆ చిన్నచూపు నాకు నచ్చదు.

ఎక్కడానికి స్కీల ముందు కొనలు విడదీసి చేపముల్లు ఆకారంలో అడుగులేస్తారు. దిగడమే అసలు పరీక్ష. స్కీ దారుల్లో యంత్రంతో రెండు గాళ్లు తీసి ఉంటాయి, స్కీలు వాటిలో కుదురుగా పోతాయి. పల్లం రాగానే ఒక స్కీని గాడిలోంచి బయటికి తీసి, వెనక కొనను పక్కకు నెట్టి, లోపలి అంచుతో మంచును గీరితే వేగం తగ్గుతుంది. ఈ పని వేగం పెరగకముందే మొదలుపెట్టాలి. పెరిగాక మొదలుపెడితే కాళ్లు వినవు. మరీ నిటారుగా ఉంటే స్కీలు విప్పి దారి పక్కన నడిచి దిగేయడమే మంచిది. పడటం తప్పదనిపిస్తే చేతులు ముందుకు చాచకుండా పక్కకు కూలబడాలి, మణికట్టూ బొటనవేలూ దక్కుతాయి. లేచేటప్పుడు స్కీలను వాలుకు అడ్డంగా, కింది వైపుకు తెచ్చుకుని, ముందు మోకాళ్ల మీదికి రావాలి. ఎముకలు గుల్లబారినవాళ్లు, గుండె జబ్బున్నవాళ్లు డాక్టరును అడగకుండా బయలుదేరకూడదు. చలికి రక్తనాళాలు బిగుసుకుని రక్తపోటు పెరుగుతుంది, అందుకే మొదటి పావుగంట చాలా నెమ్మదిగా సాగాలి.

ఇంత శ్రమకు దక్కేదేమిటి? ఉత్తర స్వీడన్‌లో బతుకంతా స్కీలు వదలని తొమ్మిది మంది ముసలివాళ్లను, దాదాపు ఎనభై ఒక్క ఏళ్లవాళ్లను, పరిశోధకులు పరీక్షించి 2013లో ఫలితాలు ప్రచురించారు. గరిష్ఠ శ్రమలో శరీరం వాడుకోగల ఆక్సిజన్, కిలో బరువుకు నిమిషానికి, వాళ్లలో సగటున 38 మిల్లీలీటర్లు. వ్యాయామం అలవాటు లేని అదే వయసువాళ్లలో 21. తొమ్మిది మందితో అన్నీ తేలిపోవు, ఆరోగ్యం బాగున్నవాళ్లే ఆటలో మిగిలి ఉండవచ్చు కూడా. అయినా అది చిన్న తేడా కాదు. మెట్లెక్కడం, సంచి మోయడం, ఒకరి సాయం లేకుండా బతకడం ఈ అంకె మీద ఆధారపడతాయి.

బతుకంతా స్కీలు వదలని మరో మనిషి హెర్మన్ స్మిత్-యోహాన్సెన్. 1875లో నార్వేలోని హోర్టెన్‌లో పుట్టారు. వృత్తి ఇంజనీరింగ్. కెనడా చేరి క్యూబెక్‌లోని లారెన్షియన్ కొండల్లో ఊరికీ ఊరికీ మధ్య స్కీ దారులు వేశారు. మంచులో ఆయన చురుకును చూసి క్రీ తెగవాళ్లు పెట్టిన కుందేలు పేరే 'జాక్‌రాబిట్'గా స్థిరపడింది. వందేళ్లు దాటాక కూడా స్కీల మీద కనిపించారు. 1987లో, నూట పదకొండేళ్ల వయసులో, నార్వేలోనే కన్నుమూశారు. అందరికీ అంత ఆయుష్షు రాదు, అది స్కీల వల్లే వచ్చిందనీ అనను. ఆయన దగ్గర నేర్చుకోదగ్గది మరొకటి: తను స్కీల మీద తిరగడంతో ఆగకుండా, పక్కవాళ్లు నడవడానికి దారులు నరికిపెట్టారు.

దారి లేకపోతే ఏ ముసలి మనిషీ కొనసాగలేడు. ఓస్లో శివార్లలోని నూర్‌మార్కా అడవిలో ఆ దారుల్ని 1883లో పుట్టిన స్కీ సంఘం సిద్ధం చేస్తుంది. కొన్నిటికి చీకటి పడ్డాక దీపాలు వెలుగుతాయి. మధ్యమధ్య కర్ర ఇళ్లు, వాటిలో వేడి కాఫీ, దాల్చినచెక్క బన్నులు. 54 కిలోమీటర్ల బిర్కెబైనర్ స్కీ పందెంలో మూడున్నర కిలోల సంచి మోస్తూ పరిగెత్తినవాళ్లకు, తర్వాతి వయసులో మొదటి కర్ర ఇంటి దాకా వెళ్లి రావడమే ఆ రోజు ప్రయాణం. దాన్ని ఓటమి అనుకోకపోవడం ఆ సంప్రదాయపు గొప్పతనం. దూరం తగ్గుతుంది, వాలు తగ్గుతుంది, వేళ మారుతుంది. నీడలు కలిసిపోయే మసక వెలుతురులో గుంటలు కనబడవు కాబట్టి ఎండ ఉన్న మధ్యాహ్నం చూసుకుంటారు.

టొరంటోలోనో, మినియాపొలిస్‌లోనో, ఓస్లోలోనో ఉన్న పిల్లల దగ్గరికి చలికాలంలో వెళ్లే మన అమ్మానాన్నలు ఆ నాలుగు నెలలూ కిటికీ పక్కనే గడిపేస్తారు. మోకాళ్లు సహకరిస్తే వాళ్లూ మొదలుపెట్టవచ్చు. స్కీలు అద్దెకు తీసుకోండి, బొచ్చు పట్టీలవే అడగండి. మొదటి రోజు చదును మైదానం చాలు. చెమట పట్టినా ఆరే పలచటి బట్టలు రెండు మూడు పొరలుగా, చేతులకు మందపాటి తొడుగులు, నేర్పేందుకు ఒక శిక్షకుడు. నాన్న జారుతుంటే పిల్లలు చేయి పట్టుకోకూడదు, ఆయన బరువు ఆయన కాలి మీదే పడాలి. అరగంట కాగానే, ఇంకా ఓపిక ఉండగానే, లోపలికి రమ్మనండి.