వర్గాన్ని తేల్చే తెర

సామాజిక మాధ్యమాల్లోని పోస్టులను వర్గాలుగా విడదీయడం యంత్రం నేర్చుకునేది మనుషులు వేసిన గుర్తుల నుంచే కాబట్టి, ఆ గుర్తులు వేసేవారి ఎదుట బ్రౌజర్‌లో నిలిచే తెరకు, అంటే సాంకేతిక పరిభాషలో ఫ్రంటెండ్ అనే భాగానికి, ఇప్పుడు దక్కుతున్న దానికన్నా ఎక్కువ శ్రద్ధ దక్కవలసి ఉంది. సర్వర్‌ను, డేటాబేస్‌ను ఎంతో ఆలోచించి కట్టే బృందాలు కూడా ఈ తెరను చివర్లో హడావుడిగా ముగించడం కద్దు. కానీ ఏ పోస్టు ఏ వర్గంలో చేరుతుందన్నది చాలావరకు అక్కడే తేలిపోతుంది.

2013 నవంబరు 8న హయాన్ తుపాను ఫిలిప్పీన్స్‌ను తాకినప్పుడు దేశదేశాల స్వచ్ఛంద కార్యకర్తలు మైక్రోమాపర్స్ అనే వేదికలో ట్వీట్లను వర్గీకరించి ఐక్యరాజ్యసమితి సహాయక విభాగానికి తోడ్పడ్డారు. ఒక ట్వీటు, దాని కింద కొద్దిపాటి వర్గాలు, ఒకే ట్వీటుపై ఒకరికి మించిన వ్యక్తుల నిర్ణయం అన్న ఆ పొందికలోని పొదుపే శిక్షణ లేనివారిని కూడా ఆ పనిలోకి రానిచ్చింది. అయితే వర్గాలు కొద్దిగా ఉన్నంత మాత్రాన పని తేలిక కాదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ ప్రాంతం మునిగినప్పటి పరిస్థితిని తలచుకుని, "మా వీధిలో నడుముల్లోతు నీళ్లు, కరెంటు లేదు, పట్టించుకునే నాథుడే లేడు" అన్న పోస్టును ఊహిస్తే చిక్కు ఎక్కడుందో తెలుస్తుంది. ఇది సహాయం కోసం విన్నపమా, నష్టం గురించిన సమాచారమా, అధికారులపై ఫిర్యాదా అంటే మూడూ అవునన్నదే సరైన జవాబు. తెర మీద ఒక్కదాన్నే ఎంచుకోనిచ్చే గుండ్రని గడులు ఉంటే గుర్తు వేసే వ్యక్తి రెంటిని వదులుకోక తప్పదు. ఎక్కువమంది కోపాన్నే చూసి ఫిర్యాదు అని నొక్కితే, కోపంగా రాసినవారికి సహాయం అక్కరలేదన్న పాఠం యంత్రానికి అందుతుంది. కాబట్టి ఇలాంటి చోట ఎన్నింటినైనా ఎంచుకోనిచ్చే చదరపు గడులే న్యాయం. "తేల్చలేను" అన్న బటన్ కూడా తప్పనిసరి, ఎందుకంటే అది లేనప్పుడు సందేహాలన్నీ "ఇతరాలు" అన్న గడిలోకి చేరి అక్కడే కలిసిపోతాయి.

యంత్రం ముందే చేసిన అంచనాను మనిషికి చూపించాలా అన్నది మరో ప్రశ్న. చూపిస్తే పని వేగంగా సాగుతుంది. కానీ అలసిన వ్యక్తి ఆ అంచనాకే తల ఊపే ప్రమాదం ఉంటుంది కనుక, మనిషి నొక్కిన తర్వాతే దాన్ని బయటపెట్టడం మేలు. రాసినవారి పేరు, ఫొటో, లైకుల సంఖ్య కూడా తీర్పును ఇలాగే ప్రభావితం చేయగలవు కనుక వాటినీ దాచాలి, గోప్యత దానికి అదనం.

తెలుగు పోస్టుల విషయంలో తెర కట్టేవారు తెలుసుకోవలసిన సంగతులు మరికొన్ని ఉన్నాయి. ప్రతి అక్షర భాగానికీ ఒక సంఖ్య కేటాయించే యూనికోడ్ లెక్కలో "స్త్రీ" ఒక అక్షరం కాదు, ఆరు సంకేతాలు. యూటీఎఫ్-8 పద్ధతిలో పద్దెనిమిది బైట్లు. ఫోన్‌లో పోస్టు ఇమడాలని సంకేతాలు లెక్కపెట్టి కత్తిరిస్తే ఆ మాట సగంలో తెగి "స్త్" అని మిగలవచ్చు. రోమన్ లిపిలో రాసిన తెలుగును తెలుగు లిపిలోకి మార్చి చూపించడం ఉపకారంలా తోస్తుంది గానీ, ఆ రాతలో హ్రస్వ దీర్ఘాల తేడా తరచూ కనిపించదు కనుక "పాలు", "పలు" ఒకే రూపంలో ఉంటాయి, మార్చిన యంత్రం తప్పు చేస్తే అర్థమే మారిపోతుంది. వ్రాతను వచ్చినది వచ్చినట్టే చూపించి, చదివేవారి తెలుగును నమ్మడం ఉత్తమం.

వేసిన గుర్తు పోకుండా కాపాడే పని కూడా తెరదే: నెట్ తెగిపోయే చోట్ల నొక్కిన గుర్తు ముందు ఫోన్‌లోనే భద్రపడి, ప్రతిదానికీ ఒక గుర్తింపు సంఖ్య ఉండి, మళ్లీ పంపినా సర్వర్‌లో రెండుసార్లు నమోదు కాకుండా చూడాలి.

ఒకే పోస్టుకు ఇద్దరు వేసిన గుర్తులు ఎంతవరకు కలిశాయో చూపే అంకెను కూడా తెర నిజాయితీగా చూపాలి. నూటికి పది పోస్టులే విన్నపాలని ఇద్దరూ ఎవరికి వారు గుర్తించిన సందర్భంలో, పోస్టులను చదవకుండా అదే నిష్పత్తిలో గుర్తులు వేసినా నూటికి ఎనభై రెండు చోట్ల వారి గుర్తులు కలిసిపోతాయి. అందువల్ల తొంభై శాతం ఏకాభిప్రాయం చూడ్డానికి ఘనంగా ఉన్నా, యాదృచ్ఛికంగా కలిసిన భాగాన్ని తీసివేసి లెక్కించే కప్పా సూచిక, 1960లో జేకబ్ కోహెన్ ప్రతిపాదించినది, అక్కడ సుమారు 0.44 దగ్గరే నిలుస్తుంది. శాతాన్ని మాత్రమే చూపే తెర బృందాన్ని తప్పుదారి పట్టిస్తుంది. అంతకన్నా విలువైనది అభిప్రాయాలు విడిపోయిన పోస్టుల పేజీ: ఇద్దరి గుర్తులను పేర్లు లేకుండా పక్కపక్కనే ఉంచి, కింద కారణం రాయడానికి ఒక పెట్టె ఇస్తే, వర్గాల నిర్వచనాల్లోని లోపాలు ఆ కారణాల్లోనే బయటపడతాయి, మార్గదర్శకాలు అక్కడి నుంచే సవరణకు వస్తాయి.