ఫ్లష్ ముక్కుకి రంగెక్కడిది?

వర్జీనియా వుల్ఫ్ ‘ఫ్లష్’ (1933)ని సరదా పుస్తకమని పక్కన పెట్టేస్తుంటారు. కవయిత్రి ఎలిజబెత్ బారెట్ బ్రౌనింగ్ పెంచుకున్న కాకర్ స్పానియల్ జీవితచరిత్ర అది. నాకైతే అందులో ఫ్లారెన్స్ వీధుల గురించిన పేజీలు వుల్ఫ్ రాసిన మంచి వచనంలో లెక్క. లండన్ పడగ్గదిలో మగ్గిన కుక్క ఇటలీ చేరాక ఊరంతా వాసన చూసుకుంటూ తిరుగుతుంది. వాసనలు చెప్పడానికి మనుషుల దగ్గర మాటల్లేవని ఆవిడే ఒప్పుకుంటుంది కూడా.

నా పేచీ ఆ తర్వాత. ఫ్లష్ ద్రాక్షగుత్తులు తింటుంటే వాటి వాసనకి ఊదారంగు పూసేసింది. (కుక్కలకి ద్రాక్ష విషం. ఇవాళైతే ఏ వెటర్నరీ డాక్టరైనా తిట్టిపోస్తాడు.) కుక్క కంటికి తెలిసేవి ప్రధానంగా నీలం, పసుపు. ఆ ఊదా వుల్ఫ్ కంటిదే, ఫ్లష్ ముక్కుది కాదు.

కుక్క నాలుక మీద రుచిమొగ్గలు మనకన్నా చాలా తక్కువ. తినాలా వద్దా అన్నది చాలావరకు ముక్కే తేల్చేస్తుంది. వదిలిన గాలి ముక్కు పక్క చీలికల్లోంచి పోతుంది, కొత్త వాసనకి అడ్డం రాదు. అంగిలి పైనున్న ఇంకో అవయవం సాటి కుక్కల కబుర్లు పట్టుకుంటుంది. ఇంత సరంజామా ఉన్న జీవి గురించి రాస్తూ కూడా పోలిక కావాల్సొచ్చేసరికి వుల్ఫ్ కంటి దగ్గరికే పరిగెత్తింది.

ఆ పేజీల్ని తెలుగులో ఊహించుకుంటే ఆశ పుడుతుంది. నీచు, కమురు, పాచి, ముక్కిన బియ్యం... మనకి సరుకుంది. ‘కమ్మగా’ అన్న ఒక్క మాట ముక్కుకీ నాలుకకీ కూడా సరిపోతుంది. చెవికి కూడా వాడేస్తాం, అదో చిక్కు.